విషయం: లాక్ నిలవని పిగ్‌టెయిల్ కాథెటర్లు, జవాబివ్వని మీ కంపెనీ

కస్టమర్ సర్వీస్ హెడ్ గారికి,

అయ్యా,

"మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఐదు స్టార్లు ఇవ్వండి" అని మీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో, ఎప్పుడు పరిష్కరించారో కాస్త చెబితే మేమూ సంతోషిస్తాం.

లివర్‌లో చీముగడ్డలోంచి చీము బయటికి తీయడానికి వాడే, కొస చుట్ట తిరిగే ట్యూబులు మీ 12 ఫ్రెంచ్ పిగ్‌టెయిల్ కాథెటర్లు (ఫ్రెంచ్ అంటే ట్యూబ్ లావు కొలత). వాటి లాట్ ఒకదానిలో, ఒంటి బయట ఉండే కొస, అంటే హబ్ దగ్గర లాక్ పట్టు నిలవడం లేదు. ఫిర్యాదు ఇంతే. దీన్ని మీ కాల్ సెంటర్ ఇన్‌వాయిస్ నంబర్ తీసుకుని మరీ డీలర్‌కి తోసింది. డీలర్ "మేం డబ్బా అమ్ముతాం సార్, లోపలి సరుక్కి పూచీ కంపెనీదే" అన్నాడు. పాపం, అందరిలోకీ నిజం చెప్పింది అతనొక్కడే. ఏరియా మేనేజర్ గారు మీటింగ్‌లో ఉన్నారన్నారు. ఆ మీటింగ్ ఇంకా ముగిసినట్టు లేదు. చివరికి మీ సేల్స్ రెప్ వచ్చాడు. పక్కన పెట్టిన కాథెటర్‌ని కన్నెత్తి చూడకుండా, కొత్త బయాప్సీ గన్ బ్రోచరూ ఒక టేబుల్ క్యాలెండరూ పెట్టి వెళ్లాడు.

వీళ్లందర్నీ మించినవారు మీ టెక్నికల్ నిపుణులు. "చీము చిక్కగా ఉండి ట్యూబ్ మూసుకుపోయి ఉంటుంది, సెలైన్‌తో ఫ్లష్ చేయండి" అని మెయిల్ పెట్టారు. ఎనిమిది గంటలకోసారి 5 నుంచి 10 మి.లీ. సెలైన్ ఎక్కించడం మా వార్డు సిస్టర్లకు కొత్త కాదు. మేం మూసుకుపోయిందని రాయలేదు, జారిపోతోందని రాశాం. మెయిల్ చదివి ఉంటే ఆ తేడా తెలిసేది. పైగా ఇంకా సన్నటి "8 ఫ్రెంచ్ వాడి చూడండి" అని ఉచిత సలహా ఒకటి. అమీబా గడ్డలోంచి వచ్చే చాకొలేట్ రంగు చిక్కటి చీము 8 ఫ్రెంచ్‌లోంచి ఎంతసేపు దిగుతుందో ఆ నిపుణులే వచ్చి చూపిస్తే బాగుండు.

కాబట్టి మరోసారి, నిదానంగా. అల్ట్రాసౌండ్ చూస్తూ, పక్కటెముక పై అంచు వెంబడి, మంచి లివర్ కొంత దాటేలా 18 గేజ్ సూది గడ్డలోకి పోనిస్తాం. కల్చర్‌కి చీము తీసి, 0.035 అంగుళాల గైడ్‌వైర్ వేసి, డైలేటర్లతో దారి పెంచి, వైర్ మీదుగా కాథెటర్ ఎక్కిస్తాం. వైర్ తీసి, కాథెటర్ లోపలుండే దారం లాగితే కొస చుట్ట తిరుగుతుంది. హబ్ దగ్గర లాక్ వేస్తే ఆ చుట్ట నిలవాలి. మీ సరుకులో లాక్ పడ్డట్టే ఉంటుంది, కానీ దారం మిల్లీమీటరు మిల్లీమీటరుగా వెనక్కి వదులుతుంది. రోగి ఊపిరి పీల్చి వదిలిన ప్రతిసారీ లివర్ కిందికీ పైకీ కదులుతుంది. విప్పుకున్న చుట్ట ఆ కదలికకు ఆగదు.

చర్మం మీద కుట్టు చెక్కుచెదరదు, డ్రెస్సింగ్ శుభ్రంగా ఉంటుంది, సంచిలోకి మాత్రం చీము రావడం తగ్గిపోతుంది. రోజుకు 10 మి.లీ. కన్నా తగ్గితే గడ్డ మానిందనుకుని ట్యూబ్ తీసేద్దామని చూస్తాం. అంటే మీ లాక్ చెడితే రోగం నయమైనట్టే కనిపిస్తుంది! తీసేముందు స్కాన్ చేస్తాం గనక లోపల గడ్డ నిండుగా ఉన్న సంగతి బయటపడింది. కాథెటర్ పక్కల ఉండే రంధ్రాలు గడ్డ దాటి బయటికొస్తే చీము పొట్టలోకో, పైన ఊపిరితిత్తుల చుట్టూ ఉండే ప్లూరాలోకో పోతుంది. అప్పుడు మీ ఐదు స్టార్లు ఎవరికివ్వాలి?

ఏళ్ల తరబడి రేటు ఎక్కువైనా మీ సరుకే రాస్తూ వచ్చాం. పర్చేజ్ విభాగం చవక బ్రాండు చూపించినప్పుడల్లా మీ తరఫున వాదించింది మేమే. ఆ నమ్మకానికి దక్కింది ఒక టేబుల్ క్యాలెండర్.

ఆ లాట్ మొత్తం వెనక్కి తీసుకోండి, లాక్ ఎందుకు జారుతోందో రాతపూర్వకంగా చెప్పండి. సాకులు చెబితే, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూసే మెటీరియోవిజిలెన్స్ (వైద్య పరికరాల వల్ల వచ్చే ఇబ్బందుల నమోదు) కార్యక్రమానికి ఫారం పంపుతాం. 2015 నుంచి అది ఉన్నది ఇలాంటి వాటికే. వచ్చే టెండర్‌లో మీ పేరు ఎదురుగా ఏం రాయాలో కూడా మాకు తెలుసు. ఇప్పటికే విసుగెత్తి ఉన్నాం.

జారిన కాథెటర్లను లాట్ నంబరున్న కవర్లతో సహా సీల్ చేసి ఉంచాం. వాటిని చూడగల మనిషిని పంపండి. బ్రోచర్లు అక్కర్లేదు.

ఇట్లు,
ఇంటర్వెన్షనల్ రేడియాలజీ విభాగం