నా కోసం మాట మానేసిన మిత్రులకు

నిన్న పొద్దున ఆరుంబావుకి రేడియో మైకు మీట నొక్కి "అందరికీ శుభోదయం, బందరు నుంచి మాస్టారు" అన్నాను. అంతే. ఆ ఐదు మాటలకే గొంతు గీరినట్టయి మీట వదిలేశాను. రెండు క్షణాలు ఎవరూ పలకలేదు. తర్వాత వరంగల్ అక్కయ్యగారు, "ఎవరండీ ఈ కొత్త స్టేషను? ఈ గొంతు ఎప్పుడూ విన్నట్టు లేదే" అన్నారు. అందరూ ఒకేసారి మీటలు నొక్కి నవ్వేసరికి గోల తప్ప ఏమీ వినపడలేదు.

ఆ గోల విన్నాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. రేడియోలోనే చెబుదామంటే డాక్టరుగారు నాకు పూటకి ఐదు నిమిషాలే ఇచ్చారు. ఐదు నిమిషాల్లో తీరే బాకీ కాదిది.

మేమెవరమో తెలియని వాళ్ళ కోసం నాలుగు మాటలు. మేం ఎనిమిదిమందిమి హామ్ రేడియో పిచ్చివాళ్ళం. కేంద్ర టెలికాం శాఖ పెట్టే పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, ఇంట్లో ఒక సెట్టూ మేడ మీద ఒక తీగా పెట్టుకుని మాట్లాడుకుంటాం. గుంటూరు, రాజమండ్రి, కర్నూలు, వరంగల్, విజయవాడ, హైదరాబాదు, బరంపురం, బందరు. ఒకరినొకరం ఊరిపేరుతోనే పిలుచుకుంటాం. పేరు పెట్టి పిలిస్తే ఎవరో కొత్తవాళ్ళనుకుంటాం. రోజూ పొద్దున ఆరుంబావు నుంచి ఏడు దాకా నలభై మీటర్ల తరంగాల బ్యాండులో మా కూటమి. ఎండ కాస్త పైకొచ్చే ఆ వేళకి మన తరంగం ఆకాశంలోని గాలి పొర, ఐనోస్ఫియర్‌ని తాకి కొన్ని వందల కిలోమీటర్ల దాకా చక్కగా దిగుతుంది. మధ్యాహ్నానికి ఎండ ముదిరితే నీరసపడిపోతుంది, మాలాగే.

సెల్‌ఫోన్లుండగా ఇదెందుకని అడగని చుట్టం లేడు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని హామ్ రేడియో సంస్థ వాళ్ళు అండమాన్ నుంచి ప్రపంచంలోని హాములతో మాట్లాడదామని పోర్ట్ బ్లెయిర్ వెళ్ళారు. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పడిపోయాక భారతీ ప్రసాద్ గారూ వాళ్ళ బృందమూ ఆ సెట్లతోనే అక్కడి కబురు బయటికి చేరవేశారు. ఎవరైనా అడిగితే ఆ కథ చెబుతాం, గర్వంగానే చెబుతాం. కానీ నిజం ఒప్పుకోవాలి కదా, మా ఎనిమిదిమందీ అలాంటి ఘనకార్యం ఒక్కటీ చేయలేదు. రాజకీయం, మతం, వ్యాపారం ఎత్తకూడదని మా కట్టుబాటు. అవి తీసేస్తే ఈ వయసులో ఏం మిగులుతుంది? మోకాళ్ళు, బీపీ, ఆవకాయ ఉప్పు, కొడుకు దగ్గరికి వెళ్ళిన ఆవిడ ఎప్పుడొస్తుందన్న లెక్క. ముప్పావుగంట దీని మీదే గడుస్తుంది. ఏడింటికి "సెవెంటీ త్రీ", అంటే హాముల భాషలో శుభాకాంక్షలు, చెప్పుకుని ఎవరి పాల ప్యాకెట్టు కోసం వాళ్ళం లేస్తాం.

ఇక నా సంగతి. 34 ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. గదికి అరవైమంది, మైకు లేదు, పక్కన రైసు మిల్లు. ఆ అరుపులన్నీ ఎక్కడికీ పోలేదు, స్వర తంతువుల మీద ఒక చిన్న కాయలా కూర్చున్నాయి. గొంతు రెండు నెలలపాటు బొంగురుపోయి తగ్గకపోతే విజయవాడలో ఈఎన్‌టీ డాక్టరుగారికి చూపించుకున్నాను. పాలిప్ అన్నారు, తీసేయాలన్నారు. తీసినదాన్ని పరీక్షకి పంపిన ఆ వారం మా ఇంట్లో టెన్షన్ గురించి రాయను. ఏమీ లేదని రిపోర్టు వచ్చింది, చాలు.

అసలు శిక్ష తర్వాత పడింది. పది రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు, దానివల్ల మామూలు మాట కంటే ఎక్కువ శ్రమ అన్నారు. ఆ తర్వాత నెల దాకా ఇంట్లో అవసరానికి రెండు మాటలే. మైకు సంగతి మరిచిపొమ్మన్నారు. ఇంటికొచ్చి మా మనవరాలి పలక చేతికి తీసుకున్నాను. గ్రూపుకి ఫోన్లో ఒక మెసేజీ పెట్టాను: "నెల దాటే వరకు సెలవు. నన్ను లెక్కలోంచి తీసేయండి."

మర్నాడు మధ్యాహ్నం విజయవాడ తమ్ముడు బస్సు దిగాడు. 58 ఏళ్ళు, మా కూటమిలో కుర్రాడు. చేతిలో ఒక డజను కమలాలు, సంచీలో సోల్డరింగ్ ఐరన్. "చూడ్డానికొచ్చాను మాస్టారూ, వచ్చాను కాబట్టి సెట్టు కూడా ఒకసారి చూస్తాను" అన్నాడు. నా సెట్టు బిటెక్స్. హైదరాబాదు వాసి అష్హర్ ఫర్హాన్ గారు మామూలు హాములు కూడా తక్కువ ఖర్చులో తయారుచేసుకునేలా రూపొందించి ప్రపంచానికిచ్చిన సెట్టు. దాని శక్తి ఏడు వాట్లే, ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బంత. కానీ నా దగ్గరున్నది మాటకే గాని చుక్కలూ గీతలతో అక్షరాలు పంపే మోర్స్ కొట్టడానికి పనికిరాదు. తమ్ముడు మూత విప్పి, ఏవో రెండు తీగలు కలిపి, లోపలున్న చిన్న ప్రోగ్రాము మార్చి, వెనకాల ఒక జాక్ బిగించాడు. ఎందుకని పలక మీద రాసి చూపిస్తే, "ఊరికే, టెస్టింగ్" అన్నాడు. మా ఆవిడ పెట్టిన భోజనం చేసి, నాలుగింటి బస్సుకి వెళ్ళిపోయాడు. డెబ్భై కిలోమీటర్లు రావడం, డెబ్భై కిలోమీటర్లు పోవడం, ఊరికే టెస్టింగ్‌కి.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ సెట్టు పెట్టాను. వినడానికి గొంతు అక్కర్లేదు కదా. ఆరుంబావు అయింది. ఎవరూ లేరు. ఆరున్నర దగ్గరపడుతోంది, సముద్రపు హోరు లాంటి శబ్దం తప్ప ఏమీ లేదు. పక్కింటివాళ్ళ కొబ్బరిచెట్టుకి కట్టిన తీగ తెగిందేమోనని మేడెక్కి చూసొచ్చాను. తీగ బాగానే ఉంది. నేను లేనని కూటమే మానేశారా అనుకున్నాను. అంతలో ఫోన్ మోగింది, వరంగల్ అక్కయ్యగారి మెసేజీ. "మాస్టారూ, మీరు పైన వెతుకుతున్నట్టున్నరు. కిందికి రండి."

కిందికి, అంటే మోర్స్ వాళ్ళుండే బ్యాండు అడుగు భాగానికి, తిప్పాను. అక్కడ ఎవరో డా, డిట్ అంటూ కొడుతున్నారు. ఎంత నెమ్మదిగా అంటే, ముసలాయన మెట్లు దిగుతున్నట్టు. అక్షరం అక్షరం కూడబలుక్కుని కాగితం మీద రాస్తే అది నా కాల్ సైన్, లైసెన్సుతో పాటు నాకిచ్చిన గుర్తు. ఏడుగురూ అక్కడున్నారు.

ఇది ఎంత పెద్ద సంగతో హాము కానివాళ్ళకి చెప్పడం కష్టం. మా అందరం లైసెన్సు కోసం మోర్స్ నేర్చుకుని పరీక్ష పాసైనవాళ్ళమే. పాసైన మర్నాడు దాన్ని మరిచిపోయినవాళ్ళమూ మేమే. గుంటూరు పెద్దాయన ఒక్కరే వేరు. ఆయన తంతి ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రాములు ఆపేసిన రోజున మా కూటమిలో మాట్లాడకుండా ఊరుకున్నది ఆయనొక్కరే. 81 ఏళ్ళు. నేను మెసేజీ పెట్టిన ఆ రాత్రి ఆయనే మిగతా అందరికీ ఫోన్లు చేశారట. "మాస్టారు మాట్లాడలేరు గాని చెయ్యి పనిచేస్తుందిగా. మనమే దిగుదాం" అన్నారట. కర్నూలు ఆయన, "నాకు 'ఇ', 'టి' తప్ప గుర్తులేవండీ" అన్నారట. 'ఇ' అంటే ఒక చుక్క, 'టి' అంటే ఒక గీత. "అవి రెండూ వస్తే మిగతా ఇరవై నాలుగూ వచ్చినట్టే" అన్నది పెద్దాయన జవాబు.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఎప్పుడో కొన్న, మోర్స్ కొట్టే ఇత్తడి కీ అటక మీదుంటే దింపి, చింతపండుతో తోమి జాక్‌కి పెట్టాను. అలా మొదలైంది. 31 ఉదయాలు నడిచింది.

పరీక్షకి కావలసిన వేగం నిమిషానికి ఎనిమిది మాటలు, అంటే నలభై అక్షరాలు. మేం అందులో సగం కూడా అందుకోలేదు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. "కాఫీ అయిందా" అని అడగడానికి అర నిమిషం పైన, "అయింది" అని వినడానికి పావు నిమిషం పైన. మాటల్లో అయితే ఆవకాయ మీదే పావుగంట మాట్లాడే కర్నూలు ఆయన, "ఆవ బాగా ఘాటు" అని కొట్టి చెమట తుడుచుకునేవారు. ముప్పావుగంటలో మనిషికి ఒక్క వంతు వచ్చేది. ఎవరూ విసుక్కోలేదు. విసుక్కున్నా కొట్టడానికి ఓపిక ఉండేది కాదేమో, అది వేరే సంగతి.

ఒక పొద్దున కర్నూలు ఆయన "మా అత్త వచ్చింది" అని కొట్టారు. మోర్స్‌లో రెండు 'టి'ల మధ్య ఎడం చాలకపోతే రెండు గీతలూ కలిసి 'ఎం' అయిపోతుంది. మా అందరి కాగితాల మీదా 'అత్త' కాస్తా 'అమ' అయి కూర్చుంది. వాళ్ళమ్మగారు పోయి పదేళ్ళు దాటింది. బరంపురం ఆయన కంగారుగా ప్రశ్నార్థకం కొట్టారు. మళ్ళీ 'అమ' వచ్చింది. మూడోసారి కూడా 'అమ'. చివరికి ఆయన ఆ మాట వదిలేసి "భార్య తల్లి" అని కొట్టేదాకా ఎవరికీ ఊపిరాడలేదు. నవ్వు రావాలి, నాకేమో గట్టిగా నవ్వకూడదు. మోర్స్‌లో నవ్వడానికి "హెచ్ఐ హెచ్ఐ" అని కొడతారు, నాలుగు చుక్కలు, రెండు చుక్కలు. అవతల ఏడుగురూ అదే కొడుతుంటే నా సెట్టు పిచ్చుకల గూడులా ఉంది. నోరు మూసుకుని, కళ్ళ నీళ్ళు కారుతూ, నేనూ కొట్టాను. వంటింట్లోంచి మా ఆవిడ భయపడి పరిగెత్తుకొచ్చింది.

ఇంకొకటి చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాజమండ్రి ఆయన్ని అడిగితే "రాసుకోండి మాస్టారూ" అన్నారు కాబట్టి రాస్తున్నాను. ఆయన భార్య నిరుడు పోయారు. ఏడాదిగా రోజూ మాతో మాట్లాడుతున్నా ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎవరైనా అడగబోతే గోదావరిలో నీళ్ళ గురించి మొదలుపెట్టేవారు. మోర్స్‌లో ఒకరోజు ఆయన వంతు వచ్చింది. వాతావరణం చెప్పారు, టిఫిను చెప్పారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత నెమ్మదిగా, ఒక్కో అక్షరమే, "ఇల్లు ఖాళీ" అని వచ్చింది. దానికి ఏం కొట్టాలో మాకెవరికీ తెలియలేదు. గుంటూరు పెద్దాయన మాత్రం 'ఆర్' అని ఒక్క అక్షరం కొట్టారు. అందింది అని అర్థం. కాసేపటికి వరంగల్ అక్కయ్యగారు 'ఆర్' కొట్టారు. అలా ఏడుగురం కొట్టాం.

ఒక్కొక్కరికీ వేరుగా చెప్పుకోవాల్సినవి ఉన్నాయి. విజయవాడ తమ్ముడికి కమలాలకీ, జాక్‌కీ. హైదరాబాదు ఆయనకి, చేతులు వణుకుతున్నా మొదటి వారం నా కోసం రోజూ రాత్రి ప్రాక్టీసు చేసినందుకు. ఈ సంగతి వాళ్ళబ్బాయి చెబితే తెలిసింది, ఆయన చెప్పలేదు. బరంపురం ఆయనకి, అక్కడ పిడుగులు పడుతున్నా సెట్టు కట్టేయకుండా కూర్చున్నందుకు. దయచేసి ఇంకెప్పుడూ అలా చేయకండి, కృతజ్ఞత వేరు, కోపం వేరు. వరంగల్ అక్కయ్యగారికి, రోజూ హాజరు పట్టీ రాసినందుకూ, నా తప్పులు ఎర్ర ఇంకుతో దిద్ది ఫోటో పంపినందుకూ. 34 ఏళ్ళు నేను పిల్లలకి చేసింది నాకు తిరిగొచ్చింది. పెద్దాయనకి ఏం చెప్పాలో తెలియదు. ఆయన కొట్టే చెయ్యి వేగం నాకు తెలుసు, టైప్‌రైటర్ మీద వాన పడ్డట్టుంటుంది. నా కోసం నెలరోజులు దాన్ని ఎద్దుబండిలా నడిపారు.

మా ఆవిడకి కూడా. రేడియో అంటే గిట్టని మనిషి ఈ నెలలో ఒక్క అక్షరం నేర్చుకుంది. నేను టేబుల్ మీద 'సి' కొడితే కాఫీ వస్తుంది. రెండుసార్లు కొడితే మాత్రం రాదు, షుగరు గుర్తుచేస్తుంది.

నిన్న మాటల్లో కలిశాక కర్నూలు ఆయనే అన్నారు, వారానికి ఒకరోజు కిందే కలుద్దామని. గురువారం అని ఖాయం చేశారు. రేపు గురువారం. ఆరుంబావుకి వస్తాను. కర్నూలు వారూ, మీ అత్తగారు ఇంకా ఉన్నారో వెళ్ళారో చెప్పండి, కాస్త ఎడం ఇచ్చి కొట్టండి.

సెవెంటీ త్రీ.
బందరు మాస్టారు