శాస్త్రవేత్తల పేజీలకు శీర్షిక పెట్టేముందు

సంపాదకులకు,

జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పేరును ఇంగ్లీషులో కొందరు చివర ‘ఏఓ’తో, కొందరు ‘ఓడబ్ల్యూ’తో, ఇంకొందరు సుబ్బాను, రావును విడదీసి రాస్తున్నారు. వికీపీడియాలో పేజీ తెరిచేవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు, అక్కడ శీర్షికే చిరునామా.

ఆయన తన పరిశోధన పత్రాల మీద పెట్టుకున్నది ‘ఓడబ్ల్యూ’ రూపం, అదీ ఒకే మాటగా. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రచురించిన, భాస్వరాన్ని రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారో పద్ధతి అనే అంటారు. ఇంగ్లీషు పేజీకి అదే సరైన పేరు. ‘ఏఓ’ మన ఉచ్చారణకు దగ్గరే కావచ్చు, కానీ ఆయన సంతకాన్ని దిద్దే పని మనది కాదు.

తెలుగులో చిక్కు వేరు. యల్లాప్రగడ, ఎల్లాప్రగడ, యెల్లాప్రగడ మూడూ కనిపిస్తాయి. ఎక్కువ వాడుకలో ఉన్న ఒకదాన్ని శీర్షికగా ఉంచి, మిగతా రెండింటినీ దారిమార్పులు, అంటే అసలు పేజీకే తీసుకెళ్లే పేర్లు, చేస్తే సరిపోతుంది. ఇంటిపేరును మాత్రం వదలకూడదు, పొడి అక్షరంగా కుదించనూ కూడదు. ఉత్త సుబ్బారావు అంటే నండూరి ఉన్నారు, నాయని ఉన్నారు. అంతకన్నా ప్రమాదం తల్లాప్రగడ సుబ్బారావుతో. ఆయన దివ్యజ్ఞాన సమాజం పండితుడు, 1890లోనే పోయారు. మన జీవరసాయన శాస్త్రవేత్త పుట్టింది 1895లో. లింకు ఇచ్చేముందు సంవత్సరాలు సరిచూడాలి.

పరిశోధన పత్రాల విదేశీ సూచికలు చివరి మాటనే ఇంటిపేరుగా పట్టుకుంటాయి. అక్కడి నుంచి యథాతథంగా దించితే, వికీపీడియాకు తోడుగా ఉండే సమాచార నిధి వికీడేటాలో ‘సుబ్బారో’ ఇంటిపేరైపోతుంది. ఇంటిపేరు యల్లాప్రగడ అని పేజీ మొదట్లోనే ఒక ముక్క రాయాలి.

పత్రాల మీది పేరే ప్రతిసారీ గెలవదు. గణాంక శాస్త్రవేత్త రావు 1945 నాటి ప్రసిద్ధ పత్రం మీద సి. రాధాకృష్ణ రావు అని ఉంది. లోకానికి తెలిసింది సి.ఆర్.రావుగా. ఆ పేజీ ఆ పేరుతోనే ఉండాలి, కల్యంపూడి రాధాకృష్ణ రావు అన్న పూర్తి పేరు మొదటి వాక్యంలోకి వెళ్లాలి. రసాయన శాస్త్రవేత్త సి.ఎన్.ఆర్.రావు వేరు. చుక్క తర్వాత ఖాళీ ఉన్నా లేకపోయినా మనిషి కంటికి ఒకటే, యంత్రానికి మాత్రం రెండు శీర్షికలు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి చేరుస్తాయి. ఉన్న పేజీ వెతికినా దొరక్కపోవడానికి, రెండో పేజీ పుట్టడానికి అదో కారణం. డాక్టర్, ప్రొఫెసర్, గారు శీర్షికలో అక్కర్లేదు.

పేజీ పేరు మార్చాలంటే వికీపీడియాలోని ‘తరలించు’ అన్న సదుపాయం వాడాలి. పాఠాన్ని కొత్త పేజీలో అతికిస్తే ఎవరు ఏం రాశారో చెప్పే చరిత్ర పాత పేజీలోనే మిగిలిపోతుంది. తరలించాక పాత దారిమార్పులను కొత్త శీర్షికకే నేరుగా మళ్లించాలి. ఒక దారిమార్పు మరో దారిమార్పుకు తీసుకెళ్తే పాఠకుడు మధ్యలోనే ఆగిపోతాడు.

పత్రికలకు ఒక విన్నపం. శాస్త్రవేత్త గురించి వార్త వేసేటప్పుడు ఇంటిపేరుతో సహా పూర్తి పేరును ఒక్కసారైనా అచ్చువేయండి. శీర్షిక మీద తగువు వచ్చినప్పుడు చర్చా పేజీలో ఆధారంగా చూపేది మీ వార్తనే.

— తెలుగు వికీపీడియా వాడుకరులు కొందరు