సప్పుడు చేయని పేషెంటు

ఏమే దోస్తూ,

ఎట్లున్నావ్? "ఐసీయూలో రాత్రయితే ఒకటే గలాటా, చేతులు కట్టేస్తున్నాం" అని నువ్వు నల్గొండ నుంచి రాసింది చదివి మనసు ఆగలేదు. కట్టేస్తే ఇంకా బెదురుతారే. అయినా డెలీరియం, అంటే జబ్బులో ఒక్కసారిగా మతి తికమకపడటం, వచ్చి గలాటా చేసేవాళ్లు కనబడతారు. నా భయమంతా అదే వచ్చి సప్పుడు చేయని వాళ్ల గురించే.

పోయిన నెల దేవరకద్ర దిక్కు నుంచి ఒక పెద్దమ్మ నిమోనియాతో వచ్చింది. వెంటిలేటర్ తీసేశాక సీలింగ్ చూస్తూ పడుకునేది. "మంచి పేషెంటు, ఇబ్బందేం లేదు" అని డ్యూటీ అప్పజెప్పేటప్పుడు నేనూ చెప్పాను. మూడో రోజు ఎందుకో చెయ్యి పట్టుకుని, "పెద్దమ్మా, 'ఏ' అని వినబడ్డప్పుడల్లా నా చెయ్యి నొక్కు" అన్నా. ఒక్కొక్కటే చదివే పది ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగుసార్లు 'ఏ' వస్తుంది. ఆమె ఒక్కసారే నొక్కింది, అదీ 'టీ' అన్నప్పుడు. రెండు తప్పులు దాటితే ధ్యాస నిలవట్లేదని లెక్క. డెలీరియం పట్టే క్యామ్-ఐసీయూ పరీక్షలో మిగతావీ చూశాను, డెలీరియమే. మూడు రోజులు మా కళ్లముందే ఉంది!

కారణాల కోసం చార్టు తిప్పితే ఐదు రోజులుగా మోషన్ లేదు. నిద్రకని రాసిన మిడజోలమ్ అనే మత్తుమందును డాక్టరు గారు ఆపేశారు. కళ్లద్దాలు కొడుకు సంచిలో తువ్వాలలో చుట్టి ఉన్నాయి, ఒక కాడకు దారం కట్టి. పెట్టగానే గోడ గడియారం వైపు తల తిప్పింది. రాత్రి రెండింటికి చేసే స్పాంజ్ బాత్‌ను పొద్దుటికి మార్చాం, పదికల్లా లైట్లు తగ్గించాం, పగలు మంచం అంచున కూర్చోబెట్టాం. కొడుకును ఎక్కువసేపు దగ్గర ఉండనిచ్చాం. ఇట్లా చేసిన నాలుగో రోజు అదే అక్షరాల పరీక్షలో ఒక్క తప్పే!

గలాటా తగ్గించడానికి వాడే హాలోపెరిడాల్ మందు ఇస్తే సర్దుకుంటుందిలే అనుకోకు. 2018లో వచ్చిన మైండ్-యూఎస్ఏ పరిశోధనలో దానివల్ల డెలీరియం రోజులు తగ్గలేదు.

ఇంకోటి, మన దిక్కు వాళ్లను అడ్మిషన్‌లోనే కల్లు అలవాటు అడుగు, ఆడవాళ్లను కూడా. ఇంటివాళ్లు సిగ్గుపడి చెప్పరు. కల్తీ కల్లులో అల్ప్రాజోలమ్ లాంటి మత్తుమందులు కలుపుతారని తెలుసు కదా. రోజూ తాగేవాళ్లకు మంచాన పడి అది ఆగిపోతే రెండు మూడు రోజుల్లోనే వణుకు, ఫిట్స్, లేనివి కనబడటం మొదలవుతాయి. వాళ్లకు మత్తుమందు ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పిన లెక్కన ఇస్తూ తగ్గించాలి. పెద్దమ్మకు ఆపేసినట్టే వాళ్లకూ ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది.

మీ బెడ్ల ఎదురుగా గడియారం ఉందా? పేషెంట్‌కు కనబడుతుందా? రేపు డ్యూటీలో నువ్వే ఒకసారి ఖాళీ బెడ్ మీద పడుకుని చూసి నాకు రాయవే.

నీ పాలమూరు దోస్తు