పైపు గ్యాస్ మీటరుకు ఎండ లెక్క ఉండాలి

సంపాదకుడు గారికి,

సిలిండర్ గ్యాస్‌ను తూకంతో అమ్ముతారు. జనవరిలో 14.2 కిలోలుంటే మే నెలలోనూ అంతే. పైపు గ్యాస్‌కు మాత్రం ఘనపు మీటర్ల లెక్క, పైగా వేడికి గ్యాస్ వ్యాకోచిస్తుంది. ప్రామాణిక ఘనపు మీటరుకు ఉష్ణోగ్రత 15 డిగ్రీలు. మీటరులోకి వచ్చేసరికి గ్యాస్ 40 డిగ్రీలకు వేడెక్కితే, ప్రతి ఘనపు మీటరులో సుమారు 8 శాతం గ్యాస్ తగ్గినట్టే. ఇంటికిచ్చే 21 మిల్లీబార్ల పీడనం వల్ల 2 శాతం కలిసొచ్చినా 6 శాతం తేడా మిగులుతుంది. చలికాలంలో సరిపోతుందిలే అనుకుందామంటే, విజయవాడలో 15 డిగ్రీల చలి ఎన్ని రోజులుంటుంది?

అందుకే కదిలే భాగాల్లేకుండా శబ్దంతో గ్యాస్‌ను కొలిచే, ఈ వేడి తేడాను సవరించే వీలున్న చిన్న అల్ట్రాసోనిక్ మీటర్లపై జరుగుతున్న కృషి మనకూ సంబంధించిందే. ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్న డయాఫ్రం మీటరు పద్ధతి 1840ల నాటిది. లోపల తిత్తులు నిండుతూ ఖాళీ అవుతూ అంకెల చక్రాన్ని తిప్పుతాయి. మొండి యంత్రం, కరెంటు అడగదు. కాకపోతే తిత్తులకు చోటు కావాలి, ఏళ్లు గడిచేకొద్దీ లోపలి భాగాలు అరుగుతాయి.

అల్ట్రాసోనిక్ మీటరు మన చెవికి అందని శబ్దాన్ని గ్యాస్ పోయే దిశలో ఒకసారి, ఎదురు దిశలో ఒకసారి పంపుతుంది. రెండు ప్రయాణాల సమయాల్లో తేడాను బట్టి గ్యాస్ వేగం తెలుస్తుంది. స్టవ్ సిమ్‌లో ఉంటే గంటకు కొన్ని పదుల లీటర్ల గ్యాసే పోతుంది. అప్పుడు ఆ తేడా సెకనులో వందకోట్ల వంతుల్లో ఉంటుంది. అసలు కష్టమంతా దాన్ని పట్టుకోవడంలోనే ఉంది. అయినా బ్రిటన్‌లో 1990ల్లోనే ఇలాంటివి ఇళ్లకు బిగించారు. జపాన్ ఇళ్లలోనూ వాడుతున్నారు.

ఎటూ ఎలక్ట్రానిక్ మీటరే కాబట్టి ఉష్ణోగ్రత సెన్సర్ కలపడం పెద్ద పని కాదు. అది లేకుండా వచ్చే మీటరు ఎంత చిన్నదైనా మనకు సగం ప్రయోజనమే. పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ మండలి కొత్త మీటర్లకు దీన్ని తప్పనిసరి చేయాలి. చల్లటి ల్యాబులో ఇచ్చిన సర్టిఫికెట్ చాలదు, రెంటచింతల ఎండలోనూ పరీక్షించాలి. పాత మీటర్లున్న ఇళ్లకు ఉష్ణోగ్రత సవరణ చేశారో లేదో, చేస్తే ఎంతో బిల్లు మీదే ముద్రించాలి. ఇక ఈ కొత్త ఎలక్ట్రానిక్ మీటర్లు బ్యాటరీతో నడుస్తాయి. అది అయిపోతే మార్చే ఖర్చు ఎవరిది, ఆ మధ్య రోజులకు బిల్లు ఎలా వేస్తారు అన్నది మీటర్లు కొనక ముందే తేల్చాలి.

— ఒక పైపు గ్యాస్ వినియోగదారుడు, విజయవాడ