డిసెంబరులో వరెన్నా

చిట్టితల్లీ,

సెలవు రోజున వరెన్నా వెళ్లొస్తానన్నావు. డిసెంబరు కదా, అక్కడ గడియారం కన్నా ఎండను చూసుకుని తిరగాలి. ఊరు ఇటలీలోని కోమో సరస్సుకు తూర్పు గట్టున, కొండను ఆనుకుని ఉంది. పొద్దుటి ఎండకు ఆ కొండే అడ్డం. వెలుగంతా మధ్యాహ్నం పడమటి వైపు నుంచి నీళ్ల మీదుగా వస్తుంది. నాలుగున్నర దాటితే పొద్దు గుంకినట్టే. కాబట్టి చీకటితో లేచి పరుగెత్తకు. మిలాన్ చెంత్రాలే స్టేషన్‌లో పది గంటల ప్రాంతంలో బండెక్కితే చాలు, గంట చిల్లర ప్రయాణం.

బోర్డు మీద వరెన్నా పేరు వెతక్కు. ఆ బండి టిరానో పోతుంది, పెద్దక్షరాల్లో కనిపించేది అదే. ఎడమవైపు కిటికీ పట్టుకో, సరస్సు అటే. కాగితం టికెట్ అయితే ఎక్కేముందే స్టేషన్‌లోని చిన్న యంత్రంలో పెట్టి ముద్ర వేయించు. లేకపోతే టికెట్ చేతిలో ఉన్నా జరిమానా కట్టాలి. తిరుగు టికెట్ కూడా మిలాన్‌లోనే కొనుక్కో. వరెన్నాలో మెషిన్ మొరాయిస్తే ఆదుకునేవాళ్లుండరు. దిగేటప్పుడు తలుపు దానంతటది తెరుచుకోదు, బొత్తాం నొక్కాలి.

లెక్కో దాటాక ఒంటి పట్టాల లైను. ఎదురుబండి ఆలస్యమైతే మీ బండీ ఆగుతుంది. అందుకే తిరుగు ప్రయాణానికి ఆఖరి బండిని నమ్ముకోకు. ముందురోజు ‘షోపెరో’ ఉందేమో చూడు, అంటే సమ్మె. పనిదినాల్లో అయితే సమ్మె ఉన్నా పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని బండ్లు తిరుగుతాయి. ఆదివారం ఆ భరోసా లేదు.

స్టేషన్ నుంచి దిగువకు నడిస్తే పడవరేవు. అక్కడి నుంచి పాత ఊళ్లోకి నీళ్ల అంచునే, ఎర్ర కమ్మీల కాలిబాట ఉంటుంది. ఊళ్లోని మెట్ల సందుల్లో రాళ్లు అరిగి నున్నగా ఉంటాయి. వాన పడితే జారుడే, రబ్బరు అడుగున్న బూట్లు వేసుకో. పైనున్న వెజియో కోట చలికాలంలో మూసేస్తారు. విల్లా మొనాస్తెరో అనే పాత భవనం కూడా రోజూ తెరవరు, ముందే చూసుకో. ఫిజిక్స్ చదివేదానివి, గేటు దగ్గరైనా ఓ నిమిషం ఆగు. 1954 వేసవిలో అణుశాస్త్రవేత్త ఫెర్మీ పాఠాలు చెప్పింది అక్కడే. ఆ నవంబరులోనే పోయాడు.

సరస్సు అవతలున్న బెల్లాజియో ఊరికి పడవలో పావుగంట. ఈ కాలంలో పడవలు తక్కువ, ఎక్కేముందే తిరుగు వేళలు ఫొటో తీసుకో. వేళల పట్టికలో ‘ఫెరియాలే’ అంటే సెలవు రోజు అనుకునేవు, కాదు! పనిదినాలు. సెలవులు, ఆదివారాలు ‘ఫెస్తివో’. నన్నడిగితే మబ్బు పట్టిన రోజు అటు పోవడం దండగ, దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి.

దక్షిణంగా కిలోమీటరు నడిస్తే ఫ్యూమెలాత్తె అనే ఏరు. ఆ పేరును తెలుగు చేస్తే అచ్చం మన పాలేరే! కొండ గుహలోంచి పుట్టి 250 మీటర్లు నురగలు కక్కుతూ సరస్సులో కలుస్తుంది. లియొనార్డో డావిన్చి కూడా తన రాతల్లో దీన్ని ప్రస్తావించాడు. చలికాలంలో మాత్రం ఎండిపోతుంది, ఉత్త రాళ్లే కనబడతాయి. ఊరు తప్పావనుకోకు.

భోజనం రెండు లోపల ముగించు, రెండున్నరకి వంటిల్లు కట్టేస్తారు. రిజొత్తో అనే అన్నం వంటకంలో కూరగాయలే కనిపించినా, ఉడికించింది మాంసం రసంలో కావచ్చు, అడిగి తిను. పిజ్జొక్కెరి ఉంటే తెప్పించుకో. బక్‌వీట్ పిండి పాస్తాలో బంగాళాదుంప, క్యాబేజీ, చీజ్, వెన్న వేస్తారు. నీ స్నేహితులు చేపలు తింటారు కాబట్టి మిస్సొల్తీని రుచి చూడమను. సరస్సు చేపలకు ఉప్పు పట్టించి, ఎండబెట్టి, బిరియానీ ఆకులాంటి ఆకులతో డబ్బాలో అదిమిపెడతారు. మన ఎండుచేపలకు చుట్టాలే. కాఫీ మాత్రం కౌంటర్ దగ్గర నిలబడే తాగు, కూర్చుంటే రేటు పెరుగుతుంది. బాత్‌రూమ్ పని కూడా అక్కడే చూసుకో.

తిరుగు బండిలో కుడివైపు కూర్చో. సొరంగాల మధ్య సందుల్లో అవతలి గట్టు దీపాలు కనిపిస్తాయి. దిగగానే అమ్మకు ఫోన్ చెయ్యి.

నాన్న