పాత నటులకు గూడు, భృతి ఎవరి బాధ్యత?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ సినిమా పేజీలో ఒకనాటి సహాయనటి ఇప్పటి ఫొటో వేసి, పైన 'గుర్తుపట్టలేని స్థితిలో' అని పెద్దక్షరాల్లో శీర్షిక పెట్టారు. అద్దె ఇంటి గుమ్మం, వెలిసిపోయిన నూలు చీర, కెమెరాకు అందకుండా తల పక్కకు తిప్పుకున్న ముఖం. కింద నాలుగే వాక్యాలు. ఆవిడ ఏ ఏ సినిమాల్లో వేషాలు వేసిందో లేదు, ఇప్పుడు ఆవిడకు ఏం కావాలో లేదు. ఫొటో తీసేముందు ఆవిణ్ణి అడిగారో లేదో కూడా తెలియలేదు. అది చూసి ఊరుకోలేక ఈ లేఖ రాస్తున్నాను. దయచేసి ప్రచురించండి.

ఆ వారంలోనే ఒక చిన్న బ్రిటిష్ సినిమా చూశాను. పేరు 'మైండ్‌హార్న్'. 2016లో లండన్ చిత్రోత్సవంలో చూపించారు, 2017 మేలో అక్కడి థియేటర్లలో విడుదల చేశారు. నాటకాల దర్శకుడిగా పేరున్న షాన్ ఫోలీకి ఇది తొలి సినిమా. భారీ సెట్టింగులు లేవు. లాటరీ సొమ్ములోంచి సినిమాలకు సాయం చేసే బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, బీబీసీ సినిమా విభాగం పూనుకోకపోతే ఇలాంటి కథ మీద డబ్బు పెట్టేవాళ్లు దొరకడం కష్టం. ఎందుకంటే కథానాయకుడు పేరు పోయిన నటుడు.

రిచర్డ్ థార్న్‌క్రాఫ్ట్ 1980లలో టీవీ డిటెక్టివ్ వేషంతో ఇంటింటా తెలిసిన మనిషి. ఆ డిటెక్టివ్‌కు ఒక యంత్రపు కన్ను, అది ఎదుటివాడి అబద్ధాన్ని పట్టేస్తుంది. పాతికేళ్లు గడిచేసరికి పొట్ట వచ్చింది, పిలిచేవాళ్లు లేరు, మేజోళ్ల ప్రకటనల దాకా దిగాడు. అప్పుడు ఐల్ ఆఫ్ మ్యాన్ అనే ద్వీపం నుంచి పోలీసుల కబురు వస్తుంది. అక్కడ హత్య కేసులో అనుమానితుడొకడు ఆ డిటెక్టివ్ నిజంగా ఉన్నాడని నమ్ముతున్నాడు, మాట్లాడితే అతనితోనే మాట్లాడతానంటున్నాడు. ఈయన వెళ్లేది కేసు తేల్చడానికి కాదు. పేపర్లో మళ్లీ పేరు పడుతుందని. తీరా వెళ్తే, తన పక్కన చిన్న వేషం వేసినవాడు అదే సీరియల్‌కు కొనసాగింపుగా వచ్చిన ఇంకో సీరియల్‌తో కోట్లకు పడగలెత్తి ఉంటాడు. తను ప్రేమించిన నటి, తనకు డూప్‌గా దూకినవాడితో కాపురం చేస్తూ ఉంటుంది. అప్పట్లో ఆ ద్వీపాన్నీ, తోటివాళ్లనూ టీవీ ముందు కూర్చుని చులకన చేసి వెళ్లిన మనిషి ఇప్పుడు వాళ్ల గుమ్మాల ముందు నిలబడాల్సి వస్తుంది.

ఆ సినిమా మనల్ని నవ్విస్తుంది, మధ్యమధ్య ఒళ్లు జలదరింపజేస్తుంది. హత్య ఉంది, చావు ఉంది, వాటి పక్కనే హాస్యం ఉంది. అయితే ఎక్కడా ఆ మనిషి వయసును, పేదరికాన్ని వెక్కిరించలేదు. వెక్కిరించింది అతని అహంకారాన్ని. కెన్నెత్ బ్రానా తన పేరుతోనే కనిపించే ఆడిషన్ ఘట్టం చూడండి. ఎదురుగా అంత పెద్ద నటుడు, దర్శకుడు కూర్చుని ఉన్నా థార్న్‌క్రాఫ్ట్ తాను ఇంకా పాత హోదాలోనే ఉన్నట్టు ప్రవర్తిస్తాడు. మనకు నవ్వొస్తుంది, వెంటనే ప్రాణం ఉసూరుమంటుంది. రచయితల్లో ఒకడూ, ఆ వేషం వేసినవాడూ అయిన జూలియన్ బారట్ ఆ మనిషిని ప్రేమతోనే చూశాడని నాకు అనిపించింది.

బ్రిటన్‌లో ఈ దారి పాతదే. జాన్ ఆస్‌బోర్న్ 1957లో రాసిన 'ది ఎంటర్‌టైనర్' నాటకంలో, 1960లో వచ్చిన దాని సినిమాలో, సముద్రపు ఒడ్డున ఖాళీ అవుతున్న హాలులో పాత జోకులు వేసుకునే వినోదకారుడి పాత్రను లారెన్స్ ఒలివియర్ వేశాడు. అప్పటికి ఆయన కీర్తి శిఖరం మీద ఉన్నాడు. అంతటివాడు ఓడిపోయిన కళాకారుడి వేషం కట్టడం చిన్న సంగతి కాదు.

నేను చెప్పదలచుకున్నది మాత్రం తెర బయటి సంగతి. ఓడిన నటుడి మీద ఇంత నిర్దాక్షిణ్యంగా హాస్యం చేయగలిగిన ఆ దేశంలోనే, వృద్ధ నటులకు తలదాచుకునే ఇల్లు ఉండాలని నూరేళ్ల కిందటే ఏర్పాట్లు చేసుకున్నారు. లండన్ పక్కన ట్వికెన్‌హామ్‌లో బ్రిన్స్‌వర్త్ హౌస్ 1911 నుంచి రంగస్థల, వినోద కళాకారుల వృద్ధాశ్రమంగా నడుస్తోంది. ఏటా రాజకుటుంబం వచ్చి కూర్చునే 'రాయల్ వెరైటీ' ప్రదర్శన ఉంది కదా, దాని ఆదాయం ఆ ఇంటిని నడిపే సంస్థకే వెళ్తుంది. ఆ ప్రదర్శన 1912లో అయిదో జార్జి సమక్షంలో మొదలైంది. లండన్ శివారు నార్త్‌వుడ్‌లో డెన్‌విల్ హాల్ ఉంది. ఆల్‌ఫ్రెడ్ డెన్‌విల్ అనే నటుడు, తర్వాత పార్లమెంటు సభ్యుడు కూడా అయినవాడు, 1926లో నటుల కోసం దాన్ని ఏర్పాటు చేశాడు.

డెన్‌విల్ హాల్ సంగతి మన పాఠకులకు కొంచెం వివరంగా చెప్పాలి. మనందరం చూసిన 'గాంధీ' సినిమా దర్శకుడు రిచర్డ్ అటెన్‌బరో చివరి రోజులు అక్కడే గడిచాయి. భార్య షీలా సిమ్ కూడా నటే. ఆరోగ్యం చెడి ఆమె ముందుగా ఆ ఇంట్లో చేరితే, 2013లో ఆయనా అక్కడికే వెళ్లి ఆమె దగ్గర ఉన్నాడు. 2014లో కన్నుమూశాడు. అంతకు ముందు దశాబ్దాల పాటు ఆ దంపతులు నటుల సహాయ సంస్థల కోసం, ఆ ఇంటి కోసం విరాళాలు పోగుచేశారు. అంటే ఆ ఇల్లు దిక్కులేనివాళ్లను పడేసే చోటు కాదు. ఆస్కార్ అందుకున్న దర్శకుడూ, చిన్న వేషాల నటుడూ ఒకే వరండాలో కూర్చోగలిగిన చోటు. మనకు లేనిది ఇదే.

రెండోది డబ్బు సంగతి. అక్కడి నటుల సంఘం 'ఈక్విటీ' 1930లో పుట్టింది. బీబీసీ, ఐటీవీ లాంటి ప్రసార సంస్థలతో అది కుదుర్చుకున్న ఒప్పందాల వల్ల పాత కార్యక్రమం మళ్లీ ప్రసారమైతే అందులో నటించినవాళ్లకు మళ్లీ కొంత ముడుతుంది. మన దగ్గర 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి పాటల రచయితలకు, సంగీత దర్శకులకు రాయల్టీ హక్కు గట్టి చేశారు. మంచి పని. కానీ మధ్యాహ్నం పూట ఏ చానల్ పెట్టినా పాత సినిమాయే. అందులో అమ్మగా, వదినగా, ఊరి పెద్దగా వేసినవాళ్లకు ప్రసారమైనప్పుడల్లా పైసా వచ్చే ఏర్పాటు మన దగ్గర నడవడం లేదు. ఆ రోజు కాల్షీటుకు ఇచ్చిందే ఇచ్చింది.

బ్రిటన్ అంతా బాగుందని నా ఉద్దేశం కాదు. అక్కడి పత్రికలు పేరున్నవాళ్ల ఫోన్లలోకి చొరబడ్డాయి, చివరికి 2011లో 'న్యూస్ ఆఫ్ ది వరల్డ్' అనే పత్రిక మూతపడింది. వెలుగు తగ్గిన తారలను అడవిలో పురుగుల మధ్య కూర్చోబెట్టే రియాలిటీ షోలు ఇప్పటికీ నడుస్తున్నాయి. అయినా విషాదాలు జరిగాక 2021లో ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నిబంధనలు మార్చింది. కార్యక్రమంలో పాల్గొనేవాళ్లకు హాని జరిగే ప్రమాదం ఉంటే వాళ్ల క్షేమం ప్రసార సంస్థే చూసుకోవాలి. మన యూట్యూబ్ చానళ్లు ఇవాళ పాత నటుల తలుపులు తట్టి, 'అమ్మా, ఒక్కసారి ఏడవండి' అన్నట్టుగా ప్రశ్నలు అడుగుతున్నాయి. వాళ్ల కన్నీళ్లకు లక్షల వ్యూస్, వాళ్లకు మాత్రం ఓ పూట భోజనం కూడా ఉండదు. మీలాంటి పెద్ద పత్రిక ఆ దారిలో నడవకూడదు. మనిషి అనుమతి లేకుండా ఆ స్థితిలో ఫొటో వేయబోమని మీరొక నియమం పెట్టుకుని, దాన్ని పేజీలో అచ్చు వేయండి. రాయాలనుకుంటే ఆవిడ వేషాల గురించి రాయండి, ఆవిడ ఒప్పుకుంటే సాయం పంపే వివరాలు ఇవ్వండి.

మన చరిత్ర మనకు తెలియనిది కాదు. చిత్తూరు నాగయ్య గారు త్యాగయ్యగా, పోతనగా తెరను ఏలారు, సంపాదించింది నలుగురికీ పంచారు, చివరి రోజుల్లో డబ్బుకు ఇబ్బంది పడ్డారు. కత్తి కాంతారావు గారు సినిమాలు తీసి ఆస్తి పోగొట్టుకున్నారు. వీళ్లు కథానాయకులు, కాబట్టి పేర్లు మిగిలాయి. జూనియర్ ఆర్టిస్టులు, డూప్‌లు, గుంపులో నిలబడ్డవాళ్లు, సురభి లాంటి నాటక సమాజాల్లో పుట్టి రంగు తుడవకుండానే ముసలైనవాళ్లు ఎంతమందో. 1993 నుంచి ఉన్న మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ తన సభ్యులకు చేతనైన సాయం చేస్తోంది, అది కాదనను. సభ్యత్వ రుసుము కట్టలేనివాడి మాట ఏమిటి? సినీ కార్మికుల ఇళ్ల కోసం హైదరాబాద్‌లో చిత్రపురి కాలనీ వచ్చింది. ఇల్లు కొనుక్కోలేని ఒంటరి వృద్ధురాలు ఎక్కడికి వెళ్లాలి?

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు, ఫిల్మ్ చాంబర్, ఆర్టిస్టుల సంఘం కలిసి ఒక్క ఇల్లు కట్టాలి. నర్సు, మందులు, ఒక చిన్న స్టేజీ, హార్మోనియం ఉంటే చాలు. సినిమావాళ్లకే కాదు, పద్యనాటకాల వాళ్లకూ, బుర్రకథ వాళ్లకూ అందులో చోటుండాలి. నిర్వహణ ఖర్చుకు ఏటా ఒక సాయంత్రం తారలందరూ కలిసి ప్రదర్శన ఇవ్వాలి, ఆ రాబడిలో ఒక్క రూపాయి కూడా వేరే పద్దుకు పోకూడదు. తానా, ఆటా సభలకు మన తారలు అమెరికా వెళ్తూనే ఉన్నారు. అక్కడి తెలుగువాళ్లు కూడా తమ సభల్లో ఒక్క పూట రాబడి ఈ ఇంటికి ఇవ్వగలరు, అడిగితే కాదనరని నా నమ్మకం. శాటిలైట్, ఓటీటీ హక్కులు అమ్మేటప్పుడు చిన్న నటుల వాటా కింద కొంత శాతం పక్కన పెట్టేలా నిర్మాతలతో ఒప్పందం కుదరాలి. దానికి ముందుగా సంఘాలు కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ సమావేశానికి పిలుపు మీ పత్రిక నుంచి వస్తే మాలాంటి పాఠకులం వెంట నిలబడతాం.

ఇట్లు
ఒక రంగస్థల అభిమాని
తెనాలి