చీటీ లేని నిద్రమాత్రలు

అల్ప్రాజోలం వంటి నిద్రమాత్రలు డాక్టరు చీటీ లేకుండానే మందుల షాపుల్లో దొరకడం పెద్దవాళ్ల జ్ఞాపకశక్తికి ముప్పుగా మారింది. మా నాన్నగారికి ఎప్పుడో 10 రోజులకని రాసిన మాత్ర 4 ఏళ్లు సాగింది. పాత స్ట్రిప్ చూపిస్తే చాలు, కొత్తది చేతిలో పెట్టేవారు. పొద్దున తిన్న టిఫిన్ మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. వయసు మీద పడిందనుకున్నాం. మెదడు కణాల జోరుకు బ్రేకు వేసే రసాయనం గాబా. ఈ మాత్రలు దాని గ్రాహకాలకు (కణాల మీద ఆ రసాయనం వచ్చి అంటుకునే చోట్లకు) అతుక్కుని ఆ బ్రేకును ఇంకా గట్టిగా పడేలా చేస్తాయి. టెన్షన్ తగ్గుతుంది, నిద్ర పడుతుంది, నిజమే. కానీ కొత్త సంగతులను దాచిపెట్టే మెదడు భాగం హిప్పోక్యాంపస్‌లోనూ ఈ గ్రాహకాలు దండిగా ఉన్నాయి, అక్కడా బ్రేకు పడి కొత్త సంగతులు సరిగా నిలవవు. డాక్టరు నెలల తరబడి మోతాదు తగ్గిస్తూ మాన్పించాక నాన్నగారు మళ్లీ పేపరు చదివి నాతో వాదనకు దిగుతున్నారు (ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ఎవరూ సొంతంగా మానకండి). ఈ మందు షెడ్యూల్ హెచ్1లో, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల ప్రభుత్వ జాబితాలో ఉంది. అమ్మిన ప్రతిసారీ రోగి, డాక్టరు పేర్లు రిజిస్టరులో రాసి 3 ఏళ్లు ఉంచాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఆ రిజిస్టరును షాపు కొనుగోలు బిల్లులతో సరిచూడాలి. 60 దాటినవారికి ఈ మాత్ర కొనసాగించాలంటే 3 నెలలకోసారి కొత్త చీటీ తప్పనిసరి చేయాలి.

- ఓ పాఠకుడు, కాకినాడ